సెడాన్ అంటే పల్లకి

మా చింతమడకలో ఇప్పుడు కారు అంటే ముందు గుర్తొచ్చేది ఎన్నికల గుర్తు. ఊళ్ళో పుట్టినాయన 2014లో తెలంగాణ తొలి ముఖ్యమంత్రి అయ్యాడు, ఆయన పార్టీ గుర్తు కారు. నా చిన్నతనంలో సంగతి వేరు. ఊళ్ళోకి కారు రావడమే అరుదు. వస్తే పిల్లలం దుమ్ములో దాని వెనక ఉరికేవాళ్ళం. నల్లది, తెల్లది అనుకోవడమే గానీ దానికో పేరుంటుందని తెలీదు. ఆ పేరు వెనక మనుషులుంటారని తెలిసింది అరవై దాటాక, అదీ మిషిగన్‌లో.

మా అక్క కొడుకు డెట్రాయిట్ దగ్గర కార్ల పనిలో ఇంజనీరు. ఆ చుట్టుపక్కల ట్రాయ్, నోవై, కాంటన్ లాంటి ఊళ్ళలో మన తెలుగువాళ్ళు చాలామంది బతుకుతున్నది ఈ పని మీదే. నేను వెళ్ళినప్పుడు ఎయిర్‌పోర్టు బయట ఒక పొడవాటి పాత నల్ల కారు ఆగి ఉంది. దాని పక్కన కోటు వేసుకున్న ఒక పెద్దాయన, ఎవరిదో పేరు రాసిన అట్టముక్క పట్టుకుని నిలబడ్డాడు. మావాడు నా పెట్టె తోసుకుంటూ, "మామా, గా కారు పేరు టౌన్ కార్. లింకన్‌ది. 2011లో బంద్ చేసిండ్రు" అన్నాడు.

"టౌన్ కార్ అంటే? ఊళ్ళె తిరిగేదా?"

"అసలు అర్థం వేరే ఉంది. ఇంటికి పోయినంక చెప్త."

వాడు చెప్పినదాంట్లోంచి, తర్వాత నేను చదువుకున్నదాంట్లోంచి పుట్టిందే ఈ వ్యాసం. నాకు కార్ల మీద మోజు లేదు, నడపడం కూడా రాదు. నన్ను పట్టుకున్నది ఆ పేర్లే.

*

ముందు ఒక చిన్న సంగతి. మన దగ్గర లారీ ఎలా కొంటారో మీకు తెలిసే ఉంటుంది. కంపెనీ దగ్గర చాసిస్ కొంటారు, తర్వాత షెడ్డుకు తీసుకుపోయి బాడీ కట్టిస్తారు. వందేళ్ళ కిందట అమెరికాలో బాగా ఖరీదైన కార్లు చాలావరకు ఇట్లాగే కొనేవాళ్ళు. ఇంజనూ చక్రాలూ కాడిలాక్‌వో లింకన్‌వో ప్యాకార్డ్‌వో, పై బాడీ మాత్రం బాడీలు కట్టే వేరే కంపెనీది. ఆ కంపెనీలు చాలావరకు గుర్రపుబగ్గీల పద్ధతిలో పని నేర్చినవి. అందుకే కారు బాడీలకు చాలావరకు పాత బండ్ల పేర్లే వచ్చాయి: బ్రూమ్, లాండో, విక్టోరియా, ఫేటన్, కూపే, లిమోసిన్, సెడాన్.

ఇవి అందానికి పెట్టిన పేర్లు కావు. కప్పు మడుస్తారా మడవరా, తలుపులెన్ని, ఎవరెక్కడ కూర్చుంటారు, వాన పడితే ఎవరు తడుస్తారు అన్నవి పేరు వినగానే తెలిసిపోయేవి. అంటే బాడీ పేరులో ఆ బండి చుట్టూ ఉన్న మనుషుల అంతస్తు కూడా ఉండేది.

సెడాన్‌నే తీసుకోండి. ఇవ్వాళ మన దగ్గర పెళ్ళిళ్ళకు కిరాయికి మాట్లాడుకునే డిజైర్ కూడా సెడానే. వెనక డిక్కీ ఉన్న కారు అనుకుంటాం. ఆ పేరు వచ్చింది సెడాన్ చెయిర్ నుంచి. పదిహేడో శతాబ్దపు ఇంగ్లండులో డబ్బున్నవాళ్ళు ఒక మూసిన పెట్టెలాంటి కుర్చీలో కూర్చుంటే, దానికి కట్టిన కర్రలు పట్టుకుని ముందొకడూ వెనకొకడూ మోసేవాళ్ళు. మన మాటలో చెప్పాలంటే పల్లకి, మేనా.

మావాడు ఇది చెప్పినప్పుడు నేను కాసేపు మాట్లాడలేదు. వాడికి తెలీనిదేమిటంటే, వాడి ముత్తాత, అంటే మా అమ్మ వాళ్ళ నాన్న, మేనా మోసిన మనిషి.

మా అమ్మ పుట్టిన ఊరు జనగామ వైపు. తాత బెస్తాయన. చెరువుల చేపలు పట్టేవాడు, దొరవాళ్ళు ప్రయాణమైతే బోయీగా పోయేవాడు. కూలి కోసం కాదు, వెట్టి. నిజాం రాజ్యంలో కులానికో వెట్టి ఉండేది. బెస్తలది మేనా మోసే వెట్టి. దొర కచ్చడం బండిలో పోతే ముందు ఉరకాల్సినవాళ్ళు వేరే ఉండేవాళ్ళు. బండిలో కూర్చున్నవాడికి ఎద్దులు అలిసిపోవడం కనిపిస్తుంది గానీ, ఉరికేవాడు అలిసిపోవడం కనిపించదు. 1946లో మొదలైన సాయుధ పోరాటంలో జనం అడిగినవాటిలో ముందున్నది ఈ వెట్టి పోవాలన్నదే.

తాత భుజం మీద ఒక గట్టి కాయ ఉండేది. చిన్నప్పుడు నేను దాన్ని వేలితో నొక్కేవాణ్ణి, నొప్పి తెలిసేది కాదు ఆయనకు. బరువు గురించి ఆయన పెద్దగా చెప్పలేదు. చెప్పిందల్లా ఎదురుచూడటం గురించే. "మోసుడు ఏముంది బిడ్డా, నలుగురం పంచుకుంటం. దించినంక ఉంటది అసలు కథ. లోపటికి పోయినోళ్ళు ఎప్పుడొస్తరో చెప్పరు. చెట్టు కింద కూసుండాలె. దూరం పోవద్దు, పండుకోవద్దు, తినవోవద్దు. పిలిచినప్పుడు లేకుంటె తన్నులు."

*

ఇప్పుడు టౌన్ కారు దగ్గరికి వస్తాను. ఫ్రెంచిలో విల్ అంటే పట్టణం. కూపే డి విల్ అంటే పట్టణంలో తిరిగే కూపే. అమెరికన్లు దాన్నే టౌన్ కార్ అన్నారు. ఈ బాడీకి గుర్తు ఒక్కటే. వెనక కూర్చున్న యజమానికి కప్పు, తలుపులు, అద్దాలు ఉంటాయి. ముందు కూర్చున్న డ్రైవరు మీద ఏమీ ఉండదు, ఆకాశమే. వాన మరీ ఎక్కువైతే లాగి కప్పుకునే తోలు కప్పు కొన్నింటికి ఉండేది. మావాడు ఫోన్లో ఫొటోలు చూపించాడు. టోపీ పెట్టుకుని నిటారుగా కూర్చున్న డ్రైవరు, వెనక అద్దాల గది.

గుర్రపుబగ్గీలో నడిపేవాడు బయట కూర్చోవడానికి ఒక కారణం ఉంది. కళ్ళేలు చేతిలో ఉండాలి, గుర్రాలు కనపడాలి. కారుకు గుర్రాల్లేవు. స్టీరింగు కప్పు కింద కూడా తిరుగుతుంది. 1920ల్లో మామూలు సంసారి కొనుక్కున్న సెడాన్‌లో నడిపేవాడు లోపలే కూర్చున్నాడు. అయినా అంతకు ఎన్నో రెట్లు ఖరీదైన కారులో డ్రైవరును బయటే ఉంచారు. అంటే అవసరం పోయాక కూడా తడవడం మిగిలింది. అతను తడుస్తున్నాడన్నదే బండికి అలంకారమైంది. మావాడు కప్పు గురించి, గాలి గురించి ఏదో సాంకేతికంగా చెప్పబోయి, సగంలో ఆపి నవ్వాడు: "లేదు మామా, షోకే."

1949లో కాడిలాక్ వాళ్ళు కూపే డి విల్ అని ఒక మోడల్ తెచ్చారు. రెండు తలుపులు, కిటికీల మధ్య కమ్మీ లేని గట్టి కప్పు, అందరూ లోపలే. నడిపేవాడు చాలాసార్లు యజమానే. యుద్ధం తర్వాత డబ్బు చూసిన డాక్టరో, కాంట్రాక్టరో. డ్రైవరును బయట కూర్చోబెట్టే బండి పేరు, అసలు డ్రైవరే లేని బండికి వచ్చింది. 1956లో సెడాన్ డి విల్ వచ్చింది. ఆ పేరును విడదీస్తే ఒక మాటలో పల్లకి మోసిన ఇద్దరు, ఇంకో మాటలో వానలో తడిసిన ఒకడు. కొన్నవాళ్ళకు ఈ ముగ్గురిలో ఒక్కరూ కనపడి ఉండరు.

మిగతా పేర్లదీ ఇదే దారి. లాండో అంటే కప్పు మడిచే బగ్గీ, జర్మనీలో ఒక ఊరి పేరు. ఆ కప్పు మడవడానికి పక్కన ఎస్ ఆకారంలో ఇనుప కమ్మీ ఉండేది. 1962లో ఫోర్డ్ థండర్‌బర్డ్ లాండో అని ఒకటి వచ్చింది. కప్పు మడవదు, ఆ కమ్మీ మాత్రం బయట అతికించి ఉంటుంది. అమెరికాలో శవాలను తీసుకుపోయే కార్లకు ఇప్పటికీ ఆ కమ్మీ కనిపిస్తుంది. బ్రూమ్ అన్నది హెన్రీ బ్రూమ్ అనే బ్రిటిష్ ప్రభువు 1830ల చివర తనకోసం చేయించుకున్న చిన్న బగ్గీ. బానిసత్వం పోవాలని పార్లమెంటులో కొట్లాడిన మనిషి ఆయన. ఆయన బగ్గీలోనూ తోలేవాడు బయటే. 1957లో కాడిలాక్ ఎల్డొరాడో బ్రూమ్ ధర 13,074 డాలర్లు, ఆ ఏడాది రోల్స్ రాయిస్ కన్నా ఎక్కువ. తర్వాత పదిహేనేళ్ళకు ఆ పేరు మామూలు ఫోర్డ్‌ల మీద కూడా కనిపించింది. మెత్తటి సీటు వేస్తే చాలు, అది బ్రూమ్.

ల బారన్ కథ ఇంకా తమాషా. 1920లో ఇద్దరు కుర్ర డిజైనర్లు న్యూయార్కులో బాడీల కంపెనీ పెడుతూ, ఫ్రెంచి వాసన రావాలని ఆ పేరు పెట్టుకున్నారు. బారన్ అనేవాడు ఎవడూ లేడు. ఆ పేరు క్రైస్లర్ కార్ల మీద దశాబ్దాల పాటు తిరిగింది. అసలు కాడిలాక్ పేరే చూడండి. 1701లో డెట్రాయిట్ స్థాపించిన ఫ్రెంచివాడు ఆంట్వాన్ ద లా మోత్ కాడిలాక్. అతని అసలు పేరు ఆంట్వాన్ లొమే, మామూలు కుటుంబంలో పుట్టాడు. సముద్రం దాటాక ఒక జమీందారీ పేరూ ఒక వంశచిహ్నమూ తనే కల్పించుకున్నాడు. 1902లో పుట్టిన కార్ల కంపెనీ ఆ పేరు తీసుకుంది, ఆ తర్వాత ఆ చిహ్నాన్నీ కారు ముందు పెట్టుకుంది.

*

అయితే ఇదంతా అబద్ధమేనా? లేని బారన్, మడవని కప్పు, కల్పించుకున్న జమీందారీ. నవ్వుకుని వదిలేయొచ్చు. మావాడైతే "పేరుదేముంది మామా, మార్కెటింగ్" అంటాడు.

నేను అలా వదిలేయలేకపోయాను. మా తాత పేరు మల్లయ్య. ఆయన యాభై ఏళ్ళు వచ్చేదాకా ఆ పేరు గడిలో ఎవరూ పలకలేదు. మల్లిగా అనేవాళ్ళు. దొర ఇంట్లో పదేళ్ళ పిల్లవాడు కూడా అట్లాగే పిలిచేవాడు. పేరు చివర రెండక్షరాలు కోసేస్తే మనిషి ఎంత చిన్నవాడవుతాడో తెలిసినవాళ్ళకు, పేరు ముందు రెండు ముక్కలు తగిలించుకున్న ఆంట్వాన్ లొమేని చూసి నవ్వు రాదు. సముద్రం దాటినవాడు తనను తాను పెద్దవాణ్ణి చేసుకున్నాడు, అంతే కదా అనిపిస్తుంది.

పీటర్ డ్రక్కర్ తన జ్ఞాపకాల పుస్తకంలో ఒక సంగతి రాశాడు. 1930ల మాంద్యంలో కాడిలాక్ మూతపడే స్థితికి వచ్చింది. హోదా పోతుందని ఆ కంపెనీ నల్లవాళ్ళకు కార్లు అమ్మేది కాదు. అయినా రిపేరు షెడ్లకు వచ్చే కార్లలో చాలా నల్లవాళ్ళవేనని సర్వీసు విభాగం చూసే నికొలస్ డ్రేస్టాట్ గమనించాడు. తెల్లవాడికి డబ్బిచ్చి, అతని పేరుతో కొనిపించుకుంటున్నారు. బాక్సర్లు, గాయకులు, డాక్టర్లు. మంచి పేటలో ఇల్లు కొననివ్వరు, మంచి హోటల్లో దిగనివ్వరు. డబ్బు ఉన్నా గౌరవంగా కొనుక్కోగలిగింది అదొక్కటే, అదీ దొంగచాటుగా. ఆయన కంపెనీ పెద్దలను ఒప్పించి నేరుగా అమ్మించాడు, దాంతో కంపెనీ నిలబడింది. నీతి కోసం కాదు, లాభం కోసమే. కానీ కొన్నవాడి వైపు నుంచి చూస్తే అది షోకు కాదు. బయట నిలబెట్టినవాడు లోపల కూర్చోవాలనుకోవడం.

డియర్‌బోర్న్‌లో హెన్రీ ఫోర్డ్ మ్యూజియానికి మావాడు తీసుకుపోయాడు. కెనడీని కాల్చినప్పుడు ఆయన కూర్చున్న 1961 లింకన్ కాంటినెంటల్ అక్కడే ఉంది. అదే మ్యూజియంలో, 1955 డిసెంబరు 1న రోజా పార్క్స్ సీటు వదలనన్న మాంట్‌గొమరీ సిటీబస్సు కూడా ఉంది, నంబరు 2857. ఎక్కి కూర్చోనిస్తారు. కాడిలాక్ తయారుచేసిన జనరల్ మోటార్స్ వాళ్ళే ఆ బస్సూ తయారుచేశారు. బానిసలను విడిపించిన అధ్యక్షుడి పేరు ఒక కారుకుంది, ఆ కారులో యజమానికీ డ్రైవరుకూ మధ్య అద్దం పెట్టించుకున్నవాళ్ళూ ఉన్నారు. ఎవరెక్కడ కూర్చోవాలన్న ప్రశ్నకు ఆ దేశం ఎంత ఖరీదు చెల్లించిందో ఆ బస్సు సీటులో కూర్చున్నప్పుడు కొంచెం తెలిసింది. మన చౌమహల్లాలో ఆరో నిజాం కోసం చేయించిన 1912 నాటి పసుపుపచ్చ రోల్స్ రాయిస్ ఉంది, అందులో వెనక సీటు ఏకంగా సింహాసనం. ఆయన దాన్ని చూడకుండానే 1911లో పోయాడు. మనిషి పోయినా కూర్చునే ఎత్తు మాత్రం అలాగే మిగిలింది.

ఈ ఆలోచనలన్నీ పెట్టుకుని, నాకేదో తెలిసిందన్న తృప్తితో ఊరికి తిరిగొచ్చాను.

*

నాలుగు నెలలకు కరీంనగర్‌లో బంధువుల పెళ్ళి. చింతమడక నుంచి ఒక డిజైర్ మాట్లాడుకున్నాం. డ్రైవరు పాతికేళ్ళ పిల్లవాడు. దారిలో మంచిగా మాట్లాడాడు. ఫంక్షన్ హాలు దగ్గర దిగుతూ "నువ్వు కూడ తిను బాబూ" అన్నాను. అన్నానని నాకు బాగా గుర్తు, ఎందుకంటే తర్వాత చాలాసార్లు ఆ మాటను పట్టుకుని నన్ను నేను సమర్థించుకున్నాను.

లోపల తెలిసినవాళ్ళు దొరికారు. లగ్గం అయింది, భోజనాలయ్యాయి. మిషిగన్ కబుర్లు చెప్పాను. టౌన్ కారు గురించి, వానలో తడిసే డ్రైవరు గురించి కూడా చెప్పాను, బాగా విన్నారు. బయటికి వచ్చేసరికి నాలుగు దాటింది. పిల్లవాడు కారు పక్కన గోడ నీడలో గొంతుక్కూర్చుని ఉన్నాడు.

"తిన్నవా?"

"తిన్న సార్."

సిద్దిపేట దాకా ఎవరం మాట్లాడలేదు. అక్కడ చాయ్ తాగుదామని ఆపితే అతను వరసగా నాలుగు సమోసాలు తిన్నాడు. నాకు ముద్ద గొంతులో అడ్డం పడ్డట్టయింది.

"ఎందుకు తినలె?"

చాలాసేపు చెప్పలేదు. తర్వాత అన్నాడు: "మీరు ఎప్పుడొస్తరో తెల్వదు గద సార్. నేను లైన్ల నిలబడ్డప్పుడు మీరొస్తె? గిట్లనే ఒకసారి ఒక సార్ వచ్చి అందరి ముందట తిట్టిండు."

"మాతోని వచ్చి కూసోవలసింది."

"మీ పక్కన కూసుంటె నాకు ముద్ద దిగదు సార్. నాకు అదేం వద్దు. ఎన్ని గంటలకు పోతమో ఒక్క మాట చెప్తె నేనే చూసుకుంట."

మా తాత చెట్టు కింద కూర్చుని చెప్పిన మాటే ఇది. మధ్యలో ఎనభై ఏళ్ళు గడిచాయి. వెట్టి పోయింది, మేనా పోయింది, డ్రైవరు నెత్తి మీదికి కప్పు వచ్చింది, ఏసీ కూడా వచ్చింది. అతనికి కిరాయి ఇస్తున్నాం, "బాబూ" అంటున్నాం. ఎదురుచూపు మాత్రం కదల్లేదు. లోపలికి పోయినవాళ్ళు ఎప్పుడొస్తారో ఇప్పటికీ చెప్పరు. ఈసారి లోపలికి పోయింది మల్లయ్య మనవణ్ణి.

ఇన్నాళ్ళూ నేను బాడీ పేర్లను చూసి సుఖమంటే కప్పు, మెత్తటి సీటు, తడవకపోవడం అనుకున్నాను. అవి కావు. వాటిని ఒకరోజు అందరికీ ఇవ్వొచ్చు, కారు కంపెనీలు చాలావరకు ఇచ్చాయి కూడా. ఒకడి మధ్యాహ్నం మొత్తాన్ని చేతిలో పెట్టుకుని, ఎంతసేపో చెప్పకపోవడమే అసలు హోదా. చెప్పకపోవడం మనకు తప్పుగా కూడా తోచదు. మరిచిపోవడానికి తిట్టక్కర్లేదు, కొట్టక్కర్లేదు, చెడ్డవాడై ఉండక్కర్లేదు. లాండో కమ్మీలా అతను కారుకు అతికించి ఉన్నాడు అనుకుంటే చాలు.

కిరాయి ఇచ్చాక ఎదురుచూడటం అతని పనే కదా అని మీరనొచ్చు. నిజమే, వెయిటింగ్ చార్జీ కూడా ఇస్తాం. కానీ డబ్బు కొన్నది అతని గంటలను. ఆ గంటలెన్నో తెలుసుకునే హక్కును కాదు. ఎంతసేపో తెలిసినప్పుడు ఆ సమయంలో తినొచ్చు, పడుకోవచ్చు, ఇంటికి ఫోన్ చేసుకోవచ్చు. తెలియనప్పుడు అవే గంటలు ఎందుకూ పనికిరావు.

పక్కన కూర్చోబెట్టుకుని అన్నం పెడితే ఋణం తీరుతుందని నేననుకున్నాను. అదీ నా తృప్తి కోసమే. అతను అడిగింది నా పక్కన చోటు కాదు, ఒక్క మాట.

ఆ తర్వాత మళ్ళీ రెండు మూడుసార్లు అదే పిల్లవాణ్ణి మాట్లాడుకున్నాం. దిగేటప్పుడు టైము చెప్తాను. మొన్న సిద్దిపేటలో ఒక పని మీద పోయి, రెండింటికి బయల్దేరదామన్నాను. పని తొందరగా అయిపోయింది, ఒకటిన్నరకే బయటికొచ్చాను. కారు ఉంది, అతను లేడు. ఫోన్ చేశాను.

"తింటున్న సార్. మీరు రెండు అన్నరు గద. జర ఆగుండ్రి."

తాళం అతని దగ్గరే ఉంది. గోడ నీడ చూసుకుని నిలబడ్డాను. ఇరవై నిమిషాలు పట్టింది. మొదటి ఐదు నిమిషాలు కోపం వచ్చిందని ఒప్పుకోవాలి.